గురి చూస్తే సరిపోదు

‘ఒకే దెబ్బకు రెండు పిట్టలు’ అని మనం తరచూ అంటూ ఉంటాం. ఊరెళ్లి పెళ్లి భోజనం చేసి, పనిలో పనిగా తాలూకాఫీసులో కాగితం కూడా తెచ్చుకుంటే ఈ మాటే వాడేస్తాం. నిజానికి ఒక రాయితో రెండు పిట్టలను కొట్టడం ఎంత చేయి తిరిగిన వడిసెలవాడికైనా కష్టమే. షాట్‌గన్‌కు మాత్రం అది మామూలు విషయం. ఎందుకంటే అందులోంచి వచ్చేది ఒక్క గుండు కాదు. ఒక్కసారి మీట నొక్కితే వందల గుండ్లు గుంపుగా వెళ్తాయి.

సరే, రెండు గుండ్లు రెండు పిట్టలకు తగిలాయనుకుందాం. మరి మిగతావి ఎక్కడికి పోయాయి?

ఈ వారం ముచ్చటంతా ఈ ప్రశ్న చుట్టూనే. వేటగాళ్ల గొడవ మనకెందుకు అని పేజీ తిప్పేయకండి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం పక్కన కొండల అంచున చేను ఉన్న ప్రతి ఇంటికీ ఇది కావలసిన విషయమే. రాత్రిపూట చేనికి కాపలా వెళ్లే తండ్రో, అన్నో, మేనమామో ఉన్న ఇంటికి మరీ కావలసిన విషయం. ముందు కొంచెం దూరం వెళ్లి వద్దాం. అమెరికా దాకా.

కాగితం మీద కోడి

అమెరికాలో ఉన్న మన పిల్లలు నవంబరు నాలుగో గురువారం ‘థాంక్స్ గివింగ్’ అంటూ ఫోటోలు పంపుతారు కదా, ఆ పళ్లెంలో ఉండేది టర్కీ కోడి. ఫారాల్లో పెరిగేది అది. దాని అడవి జాతి అక్కడి అడవుల్లో ఇప్పటికీ ఉంది. దీని పేరుది తమాషా కథ. పుట్టింది ఉత్తర అమెరికాలో. ఇంగ్లీషువాళ్లు దానికి టర్కీ దేశం పేరు పెట్టారు. ఆ టర్కీ దేశంవాళ్లేమో దాన్ని ‘హిందీ’ అంటారు, అంటే మన దేశపు పిట్ట అని! మన దేశానికి మాత్రం అది గోవా రేవు మీదుగా వచ్చింది. 1612లో జహంగీరు పాదుషా దగ్గరికి ఒక టర్కీ కోడి చేరితే, ఆయన ముచ్చటపడి ఆస్థాన చిత్రకారుడు మన్సూర్ చేత దాని బొమ్మ వేయించాడు. నెమలికి ఇది దూరపు చుట్టం. పురివిప్పి తిరగడంలో ఆ పోలిక మనకే తెలిసిపోతుంది.

అడవి టర్కీ పుంజు ఏడెనిమిది కిలోలు తూగుతుంది. ఒళ్లంతా దట్టమైన ఈకలు, గట్టి రెక్క ఎముకలు. ఒంటి మీద నాలుగు చిన్న గుండ్లు తగిలినా పడిపోదు. గాయంతో పారిపోయి, ఏ పొదలోనో రెండు మూడు రోజులు నరకం అనుభవించి చస్తుంది. అందుకే అక్కడి వేటగాడు తలా మెడా తప్ప ఇంకెక్కడా గురి పెట్టకూడదని నేర్చుకుంటాడు. ఆ తల ఎంతుంటుంది? మన పిడికిలంత. అదీ కుదురుగా ఉండదు.

అంత చిన్న తలకు తన తుపాకి గుండ్లు ఎన్ని తగులుతాయో వేటగాడికి ముందే తెలియాలి. దానికి అతను చేసే పనే ‘ప్యాటర్న్’ చూడటం. వేట కాలం మొదలు కాకముందే, తుపాకి కాల్చడానికి కేటాయించిన మైదానానికి వెళ్లి, మనిషి ఎత్తున పెద్ద కాగితం కట్టి, నడుమ గుర్తు పెట్టి దాన్ని కాలుస్తాడు. తర్వాత కాగితం దగ్గరికి వెళ్లి చిల్లులు లెక్కపెడతాడు. వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. కానీ పరీక్ష రాసే కుర్రాడికంటే శ్రద్ధగా చేస్తారు.

నలభై గజాలు, ముప్ఫై అంగుళాలు

ఈ పరీక్షకు నూటయాభై ఏళ్ల చరిత్ర ఉంది. 1875లో ‘ది ఫీల్డ్’ అనే ఇంగ్లీషు పత్రిక లండన్‌లో తుపాకుల పోటీలు పెట్టింది. గొట్టం చివర కొద్దిగా ఇరుకు చేసిన తుపాకులు, అటూ ఇటూ ఒకే వెడల్పు ఉన్న మామూలు తుపాకులతో తలపడ్డాయి. గ్రీనర్ అనే తయారీదారు తెచ్చిన ఇరుకు గొట్టాల తుపాకులు గెలిచాయి. ఆ ఇరుకునే ‘చోక్’ అంటారు. తోటలో నీళ్లు పట్టేటప్పుడు పైపు మూతిని బొటనవేలితో నొక్కితే ధార దూరం పోతుంది చూడండి, చూడటానికి ఇదీ అలాంటిదే. గొట్టం మూతి ఇరుకైతే గుండ్లు ఎక్కువ దూరం దాకా గుంపు విడిపోకుండా వెళ్తాయి.

లెక్క ఇలా వేస్తారు. నలభై గజాల దూరంలో, అంటే మన కొలతలో ముప్ఫై ఆరు మీటర్ల చిల్లర, కాగితం కడతారు. కాల్చాక చిల్లులు ఎక్కడ దట్టంగా ఉన్నాయో చూసి, దాని చుట్టూ ముప్ఫై అంగుళాల అడ్డుకొలతతో సున్నా గీస్తారు. ఆ సున్నాలో పడ్డ చిల్లులను తూటాలోని మొత్తం గుండ్లతో భాగిస్తారు. ఉదాహరణకు తూటాలో రెండొందల యాభై గుండ్లుంటే, సున్నాలో నూట డెబ్బై అయిదు చిల్లులు కనిపిస్తే డెబ్బై శాతం. బాగా ఇరుకు గొట్టానికి ఆ మాత్రం రావాలని లెక్క. చోక్ అసలే లేని గొట్టానికి సుమారు నలభై శాతమే వస్తాయి. అంటే నూరు గుండ్లలో అరవై ఆ సున్నా బయటే పోతాయన్నమాట.

టర్కీ వేటగాడికి ఈ సున్నా కూడా పెద్దదే. అతను పది అంగుళాల సున్నా గీసుకుంటాడు. అంటే మనం టిఫిను తినే ప్లేటంత. అందులో కనీసం వంద చిల్లులు ఉండాలని వాళ్లలో ఒక వాడుక లెక్క. చాలామంది కాగితం మీద కోడి తలా మెడా బొమ్మ కూడా వేసుకుంటారు. ఇరవై గజాలు, ముప్ఫై గజాలు, నలభై గజాలు... ఒక్కో దూరానికీ కొత్త కాగితం. చిల్లులు చాలని దూరం ఎక్కడ వస్తే అక్కడ ఆగిపోతాడు. ఆ తుపాకికి ఆ దూరమే హద్దు. అడవిలో ఎంత మంచి పుంజు కనిపించినా ఆ హద్దు అవతల ఉంటే మీట మీద వేలు పెట్టకూడదు.

ఒక్కో తుపాకిది ఒక్కో చేతిరాత

ఒకే కంపెనీ తుపాకులు రెండు పక్కపక్కన పెట్టి, ఒకే డబ్బాలోంచి తూటాలు తీసి కాల్చినా కాగితం మీద చిల్లుల తీరు ఒకేలా ఉండదు. ఒకే తుపాకిలో తూటా కంపెనీ మార్చినా తీరు మారిపోతుంది. గుండు సైజు మారితే మళ్లీ మారుతుంది. ఇంకో సంగతి. కొన్ని తుపాకులు గురి పెట్టిన చోటికి అంగుళాల కొద్దీ ఎడమకో, పైకో కొడతాయి. కాల్చేవాడి కన్ను సరిగ్గానే ఉంటుంది. వంకర గొట్టానిది. కాగితం కట్టి చూస్తే తప్ప ఈ వంకర బయటపడదు. ఒక్క కాగితంతోనూ తేల్చరు. కనీసం మూడు సార్లయినా కాల్చి, మూడింటి సగటు తీస్తారు.

చిల్లులు లెక్కపెడితే సరిపోదు, ఖాళీలు కూడా చూడాలి. సున్నాలో నూట యాభై చిల్లులున్నా, ఒకచోట కొబ్బరికాయంత జాగాలో ఒక్కటీ పడకపోవచ్చు. కోడి తల సరిగ్గా ఆ ఖాళీలో ఉంటే? తల తప్పించుకుంటుంది, ఒళ్లు గాయపడుతుంది.

ఈ గుండ్ల గుంపు తీరు ఎలా ఉంటుందంటే, గొట్టం దాటేటప్పుడు పిడికిట్లో పట్టేంత ఉంటుంది. వేగం శబ్దం కంటే ఎక్కువ, గంటకు సుమారు పదమూడు వందల కిలోమీటర్లు. పోను పోను విచ్చుకుంటుంది. స్థూలంగా గజానికి అంగుళం చొప్పున అని పాతకాలపు లెక్క. పది గజాల దగ్గర ప్లేటంత. ఇరవై దగ్గర చేటంత. నలభై గజాలకు నులకమంచం అడ్డం అంత. ఆ మంచం వెడల్పులో మనం గురి పెట్టినది ఒక్కటే ఉంటుందని ఎవరు చెప్పగలరు?

అక్కడితో ఆగుతాయా అంటే అదీ లేదు. ఫ్రాన్సు సైనికాధికారి జూర్నే పేరు మీద ఒక సూత్రం ఉంది. గుండు మందం అంగుళాల్లో తీసుకుని రెండు వేల రెండు వందలతో హెచ్చవేస్తే, అది మహా అయితే ఎన్ని గజాలు పోతుందో వస్తుంది. ఆవగింజ కంటే కొంచెం పెద్దదైన ఆరో నంబరు గుండు కూడా రెండొందల మీటర్లు దాటి పోగలదు. పెద్ద జంతువుల కోసం వాడే బటాణీ గింజంత సీసపు గుండైతే అరకిలోమీటరు దాటేస్తుంది. చేనికి అవతలి గట్టు, దాని అవతల ఇంకొకరి బావి, ఇంకొకరి కొట్టం... మన పల్లెల్లో అరకిలోమీటరులో ఏమేమి ఉంటాయో మీకు నేను చెప్పాలా?

గుర్రంకొండ కింది చేలు

ఇక మన వైపు వద్దాం. గుర్రంకొండ అనగానే ముందు కోట గుర్తొస్తుంది. ఒకప్పుడు ఈ కొండను ఒక గుర్రం కాపలా కాసేదనీ, అది ఉన్నంత కాలం కోట ఎవరికీ లొంగలేదనీ, దాన్ని ఒక మరాఠా నాయకుడు ఎత్తుకుపోయాకే లొంగిందనీ పెద్దలు చెప్పే కథ. ఆ కథ సంగతెలా ఉన్నా, తుపాకి మందు వాసన ఈ కొండకు కొత్త కాదు. 1791లో, టిప్పు సుల్తాను మీద జరిగిన మూడో మైసూరు యుద్ధంలో, నిజాం సైన్యమూ దానికి సాయంగా వచ్చిన ఇంగ్లీషు ఫిరంగులూ ఈ కోటను ముట్టడించాయి. ఆ కాలపు ఫిరంగుల్లో, దగ్గరికి వచ్చిన గుంపు మీద పేల్చడానికి రేకు డబ్బాలో గుండ్లు నింపి పెట్టేవారు. ఒక మనిషికి గురి పెట్టనక్కర్లేదు, గుంపు వైపు తిప్పితే చాలు. షాట్‌గన్ సూత్రం కూడా అదే. కొలత చిన్నది, అంతే.

కోటలో యుద్ధాలు ఎప్పుడో అయిపోయాయి. కొండల కింది చేలల్లో మాత్రం ఇంకో యుద్ధం నడుస్తూనే ఉంది. గుర్రంకొండ నుంచి మదనపల్లె, పుంగనూరు దాకా బండలూ, ముళ్లపొదలూ నిండిన గుట్టలు. వాటి అంచునే చెనక్కాయ, టమోటా, మామిడి. మదనపల్లె టమోటా మార్కెట్టు ఎంత పెద్దదో దేశమంతా తెలుసు. ఆ మార్కెట్టుకు కాయ చేరకముందే అడవి పందుల గుంపు ఒక్క రాత్రిలో చేను దున్నేసిపోతే రైతు గతేమిటి? చెనక్కాయ ఊరే సమయానికి పంది ముట్టెతో సాలు వెంట సాలు తిరగేస్తుంది. తిన్నదానికంటే పాడుచేసింది ఎక్కువ. నెమళ్లు వచ్చి గింజ ఏరుకుపోతాయి. కుప్పం, పలమనేరు వైపైతే ఏనుగులు. 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి అవి ఇటు రావడం మొదలయ్యాక, 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది.

రైతు ఏం చేస్తాడు? పాత చీరలు కంచెలా కడతాడు. డబ్బాలు మోగిస్తాడు. టపాకాయలు పేలుస్తాడు. మంచె మీద రాత్రంతా కూర్చుంటాడు. నాలుగు రాత్రులు నిద్ర లేకపోయాక ఎవరో ఒకరు చెవిలో ఊదుతారు: ‘‘ఫలానా ఊళ్లో తుపాకి దొరుకుతుందంట.’’

ఆ తుపాకికి కాగితం లేదు

అలా దొరికేదే నాటు తుపాకి. దొరికిన ఇనుప గొట్టం, చేతితో చెక్కిన కర్ర. మూతి వైపు నుంచి మందు దట్టించి, పీచో పేలికో కూరి, పైన సీసపు ముక్కలో, సైకిలు బేరింగు గుండ్లో, తెగిన మేకులో పోస్తారు. ఎంత మందు? చేతికి వచ్చినంత. ఎన్ని గుండ్లు? జేబులో ఉన్నన్ని.

ఇప్పుడు అమెరికా వేటగాడి కాగితాన్ని ఒకసారి గుర్తు చేసుకోండి. కంపెనీలో తయారై, ఇన్ని గుండ్లని తూటా మీద అచ్చు వేసి, ఒకే సైజు గుండ్లు నింపిన తుపాకే గురి తప్పుతుంది, ఖాళీలు వదులుతుంది, అంచనా కంటే ఎక్కువ విచ్చుకుంటుంది. అందుకే దాన్ని కాగితం మీద పరీక్షించాకే అడవిలోకి తీసుకుపోతున్నారు. వంకర బేరింగు గుండూ, మేకు ముక్కా కలిపి పోసిన గొట్టం ఏం చేస్తుందో దేవుడికే తెలియాలి. గుండ్రంగా లేని ముక్క గాలిలో తిన్నగా పోదు. రెండుసార్లు ఒకే కొలత మందు పడదు కాబట్టి రెండుసార్లు ఒకే దెబ్బ రాదు.

పరీక్ష చేసి చూసుకోవచ్చు కదా అంటారేమో. అదే చిక్కు. పగటిపూట కాల్చి చూసుకోవాలంటే అందరికీ తెలిసేలా కాల్చాలి. లైసెన్సు లేని తుపాకి పగలు బయటికి రాదు. గడ్డివాము కిందో, అటక మీదో దాక్కుంటుంది. దాని మొదటి పరీక్ష చీకట్లోనే, అదీ ప్రాణం మీదే.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. అది వెనకవైపు. కంపెనీ తుపాకి గొట్టాన్ని అమ్మకానికి ముందే, మామూలు కంటే ఎక్కువ ఒత్తిడి వచ్చేలా మందు పెట్టి పేల్చి చూస్తారు. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఈ పని కోసమే 1813లో ఒక సంస్థ పెట్టారు, అది ఇప్పటికీ నడుస్తోంది. నాటు గొట్టానికి అలాంటి ముద్ర ఎక్కడిది? మందు రెండు చిటికెలు ఎక్కువైతే గొట్టం చీలిపోతుంది. అప్పుడు పోయేది పట్టుకున్నవాడి వేళ్లో, కళ్లో.

శబ్దం విని వేసిన బాణం

‘అడవి పంది అనుకుని మనిషిని కాల్చారు’ అనే వార్త మీరు ఎన్నిసార్లు చదివుంటారు? రాయలసీమ కొండల అంచు పల్లెల నుంచి ఉత్తరాంధ్ర మన్యం దాకా ఇలాంటివి వస్తూనే ఉన్నాయి. చాలాసార్లు చనిపోయినవాడూ, కాల్చినవాడూ ఒకే ఊరివాళ్లు. ఒక్కోసారి కలిసి వెళ్లినవాళ్లే. ఒక ఇంటికి మనిషి పోతాడు, ఇంకో ఇంటికి మనిషి జైలుకు పోతాడు. రెండిళ్ల పిల్లలూ ఒకే బడికి వెళ్తుంటారు.

అది ఎలా జరుగుతుందో ఊహించడం కష్టమేమీ కాదు.

‘‘అన్నా, ఆ పొద కదల్తా ఉంది సూడు. పందే!’’

‘‘వుండు నాయనా, బ్యాటరీ లైటు వెయ్యి. ఏముందో సూడనీ.’’

‘‘లైటేస్తే పారిపోతుందన్నా...’’

ఆ చివరి మాట దగ్గరే ప్రాణం పోతుంది. లైటు వేస్తే పంది పారిపోతుందన్నది నిజమే. పారిపోతే చేను మిగిలినట్టే కదా! కాపలా వెళ్లింది దాన్ని తరమడానికే. ఆ రాత్రి పంది దక్కకపోతే నష్టమేముంది?

ఈ కథ మనకు కొత్తది కాదు. చిన్నప్పుడు నాయనమ్మ ఒడిలో కూర్చుని విన్నదే. దశరథ మహారాజు అంతటి విలుకాడు. కన్నుతో చూడకుండా, శబ్దాన్ని బట్టి బాణం వేయగల నేర్పరి. సరయూ నది ఒడ్డున చీకట్లో బుడబుడమని శబ్దం వినిపిస్తే ఏనుగు నీళ్లు తాగుతోందనుకున్నాడు. గురి తప్పలేదు. బాణం తగలాల్సిన చోటే తగిలింది. కానీ అక్కడ ఉన్నది గుడ్డి తల్లిదండ్రుల కోసం కుండలో నీళ్లు ముంచుకుంటున్న కుర్రాడు. అంత గొప్ప విలుకాడికి, ఒకే ఒక బాణంతో అలా జరిగితే, గుప్పెడు ఇనుప ముక్కలు పోసిన నాటు గొట్టంతో మనమెంత?

అమెరికా టర్కీ వేటలోనూ ఇదే భయం ఉంది. అక్కడ వేటగాడు చెట్టుకు ఆనుకుని కూర్చుని పెట్ట కూతను అనుకరిస్తాడు. ఆ కూత విని నిజం పెట్టే అనుకుని ఇంకో వేటగాడు కాల్చిన ఉదంతాలున్నాయి. అందుకని వాళ్లకు రెండు సూత్రాలు నూరిపోస్తారు. ఒకటి: కూత విని, కదలిక చూసి కాల్చవద్దు. జంతువును పూర్తిగా కళ్లారా చూడాలి, దాని వెనక ఏముందో కూడా చూడాలి. రెండు: ఎరుపు, తెలుపు, నీలం రంగు బట్టలు వేసుకుని ఆ వేటకు వెళ్లవద్దు. పుంజు తల రంగులు అవే కాబట్టి!

చట్టం ఏమంటోంది?

మన దేశంలో వేట అనే వినోదానికి చట్టంలో చోటు లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదట్లో లైసెన్సు మీద కొన్ని జంతువుల వేటకు వీలిచ్చేది. 1991 సవరణతో ఆ దారి మూసుకుపోయింది. నెమలి మొదటి షెడ్యూలులో ఉంది. 2022 సవరణ తర్వాత అడవి పంది రెండో షెడ్యూలులో ఉంది. పంటను పాడుచేసే అడవి పందిని చంపడానికి అనుమతి అసలు లేదని కాదు. చట్టంలోని 11వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి గానీ, ఆయన అధికారమిచ్చినవారు గానీ కారణాలు రాసి, రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. ‘మా చేలోకి వచ్చింది కాబట్టి కొట్టాను’ అంటే కుదరదు.

ఇక తుపాకి సంగతి. 1959 ఆయుధాల చట్టంలో రైతు కోసం ఒక మాట ఉంది. నిజంగా పంట రక్షణ కోసమే అయితే మూతి నుంచి మందు దట్టించే తుపాకికి లైసెన్సు ఇవ్వవచ్చని 13వ సెక్షన్ చెబుతుంది. అంటే రైతు కష్టం చట్టం రాసినవాళ్లకు తెలుసు. కానీ లైసెన్సు లేకుండా తుపాకి దగ్గర ఉంచుకుంటే 2019 సవరణ తర్వాత కనీసం రెండేళ్ల నుంచి అయిదేళ్ల దాకా జైలు. దొంగచాటుగా తయారుచేసినా, అమ్మినా ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా. ఒక చెనక్కాయ పంట విలువ ఎంత, ఏడేళ్ల జీవితం విలువ ఎంత అన్న లెక్క ఇంటిల్లిపాదీ కూర్చుని వేసుకోవలసిందే.

అమెరికాలో వేటను అనుమతించి కూడా అడవి టర్కీని ఎలా కాపాడుకున్నారో చెప్పుకోవడం న్యాయం. విచ్చలవిడి వేటతో, అడవుల నరికివేతతో ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆ పిట్ట చాలా రాష్ట్రాల్లో కనుమరుగైంది. 1937లో వాళ్లు ఒక చట్టం చేసి, తుపాకుల మీద, తూటాల మీద వచ్చే పన్నును వన్యప్రాణుల కోసమే ఖర్చు పెట్టాలన్నారు. అడవి కోళ్లను పట్టి, లేనిచోట వదిలారు. ఈ శతాబ్దం మొదటికి వాటి సంఖ్య అరవై లక్షలు దాటింది. అక్కడ తుపాకికి లెక్క ఉంది, తూటాకు లెక్క ఉంది, సీజనుకు ఎన్ని పిట్టలన్న లెక్కా ఉంది. మన నాటు తుపాకికి ఉన్నదల్లా చీకటి.

మరి రైతు ఏం చేయాలి?

‘మీరు పట్నంలో కూర్చుని బాగానే చెబుతారు, పంది వచ్చేది మా చేలోకి’ అని ఎవరైనా అంటే ఆ మాటలో తప్పు లేదు. అందుకే చేతిలో ఉన్న దారులు చెప్పుకుందాం.

మొదటిది, నష్టాన్ని కాగితం మీదకు ఎక్కించడం. అడవి జంతువుల వల్ల పంట పోతే వెంటనే ఫోటోలు తీసి, అటవీ శాఖ వారికి, వ్యవసాయాధికారికి రాతపూర్వకంగా తెలపాలి. పరిహారం అడగాలన్నా, 11వ సెక్షన్ కింద అనుమతి కోరాలన్నా ఆ కాగితమే ఆధారం. 2025 నవంబరులో కేంద్ర ప్రభుత్వం ఫసల్ బీమాలో అడవి జంతువుల దాడిని కూడా చేర్చుతూ, 2026 ఖరీఫ్ నుంచి అమలని ప్రకటించింది. ఏ జంతువులకు, ఏ ప్రాంతాలకు వర్తిస్తుందో రాష్ట్రం నోటిఫై చేయాలి. నష్టం జరిగిన డెబ్బై రెండు గంటల్లోపు ఫోటోతో సహా తెలపాలన్నది అందులో ముఖ్యమైన షరతు. మీ మండలం సంగతి రైతుసేవా కేంద్రంలో అడిగి తెలుసుకోండి.

రెండోది, కలిసి కాపలా కాయడం. ఒక్కొక్కరు ఒక్కో చేలో చీకట్లో కూర్చోవడం కంటే, నాలుగు చేల రైతులు వంతులు వేసుకుని, ఎవరు ఎక్కడ ఉన్నారో అందరికీ తెలిసేలా తిరగడం మంచిది. చేతిలో వెలుగు ఉండాలి, నోట్లో కేక ఉండాలి. దాక్కుని కూర్చోవడం వేటగాడి పద్ధతి. కాపలావాడు కనబడాలి, వినబడాలి.

మూడోది, కంచెకు కరెంటు తీగ తగిలించే ఆలోచన అసలు పెట్టుకోవద్దు. తుపాకికి కనీసం మీట నొక్కే వేలు ఒకటుంటుంది. ఆ తీగకు అదీ ఉండదు. పంది ఏదో, పొద్దున్నే నీళ్లు కట్టడానికి వచ్చిన పక్క చేని మనిషి ఎవరో దానికి తెలియదు. కుప్పం, పలమనేరు వైపు ఏనుగులూ అలా బలైపోయాయి. ఏనుగుల బెడదకైతే సొంత ప్రయోగాలు చేయకుండా అటవీ శాఖకు కబురు పెట్టడమే మేలు. 2025లో కర్ణాటక నుంచి శిక్షణ పొందిన కుంకీ ఏనుగులను తెప్పించి పలమనేరు దగ్గర ముసలమడుగులో శిబిరం పెట్టింది అందుకే.

నాలుగోది, ఇంట్లో ఆడవాళ్లు అడగవలసిన మాట. అటక మీద తాతల నాటి గొట్టం ఏదైనా ఉంటే, ‘‘అది ఎందుకు మనింట్లో?’’ అని అడగండి. ఎప్పుడో దట్టించి మరచిపోయిన మందు అందులో ఇంకా ఉండవచ్చు. పిల్లలు ఆటకు తీస్తే అంతే. దాన్ని విప్పి చూడటం, శుభ్రం చేయడం లాంటివి చేయవద్దు. ఊరి పెద్దల ద్వారానో, తెలిసిన వకీలు ద్వారానో మాట్లాడి పోలీసులకు అప్పగించడం అన్నివిధాలా క్షేమం.

గుర్రంకొండ చుట్టూ ఉన్న గుట్టల్లో ఈ రాత్రి కూడా పందులు దిగుతాయి. మంచెల మీద మనుషులూ ఉంటారు. వాళ్లు ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు బ్యాటరీ లైటు ఛార్జింగు ఉందో లేదో చూసి చేతికివ్వండి. పక్క చేలో ఈ రాత్రి ఎవరు కాపలా ఉన్నారో ఒక ఫోను చేసి కనుక్కొమ్మనండి. ఖర్చు లేని పనులు ఈ రెండూ.